బండిని చూసి డ్రైవర్ ఎలాంటివాడో చెప్పేయొచ్చా? కొంచెం పెద్ద సమాధానం

మీరు అడిగింది ఇదీ: సెకండ్ హ్యాండ్‌లో ఒక బీఎండబ్ల్యూ సెడాన్ చూసుకున్నారు, బండి నచ్చింది, కానీ విన్న ప్రతివాళ్లూ "అయితే ఇక నువ్వు కూడా ఇండికేటర్ వేయడం మానేస్తావన్నమాట" అని ఏడిపిస్తున్నారు. నిప్పు లేనిదే పొగ రాదు కదా, ఈ మాటల్లో నిజమెంత, బండిని బట్టి మనిషిని అంచనా వేయొచ్చా, రేపు ఆ బండి కొంటే రోడ్డు మీద జనం నన్ను వేరేగా చూస్తారా అని మీ సందేహం.

నిప్పు ఉంది. కాకపోతే పొగను చూసి ఊహించుకున్నంత పెద్దది కాదు, పైగా చాలాసార్లు అది మనిషిలో కంటే బండిలో ఎక్కువ ఉంటుంది. నేను కంపెనీల డ్రైవర్లకు ట్రైనింగ్ ఇస్తుంటాను. పక్క సీట్లో కూర్చోవడమే నా ఉద్యోగం, డెలివరీ వ్యాన్ మొదలుకుని డైరెక్టర్ గారి కారు దాకా అన్నిట్లో. బయటి నుంచి చూసేవాళ్లకు లేని ఒక వీలు ఇందులో ఉంది, ఒకే మనిషిని రెండు మూడు రకాల బండ్లలో చూస్తాం. పొద్దున చిన్న హ్యాచ్‌బ్యాక్‌లో బుద్ధిగా నడిపిన ఆయనే మధ్యాహ్నం పెద్ద ఎస్‌యూవీ ఎక్కాక ముందు బండికి ఎంత దగ్గరగా వెళ్తున్నాడో కూడా గమనించుకోడు. మనిషి అదే, మూడు గంటల్లో స్వభావం ఏం మారుతుంది చెప్పండి.

సరే, ముందు మీ ఫ్రెండ్స్ తరఫున వాదిస్తాను. 2012లో పాల్ పిఫ్ అనే పరిశోధకుడు, ఆయన తోటివాళ్లు కాలిఫోర్నియాలో ఒక నాలుగు రోడ్ల కూడలి దగ్గర మనుషుల్ని కనపడకుండా కూర్చోబెట్టారు. నాలుగు వైపులా స్టాప్ బోర్డులుండే కూడలి అది, ఎవరు ముందు వచ్చి ఆగితే వాళ్లే ముందు కదలాలి. వచ్చిన ప్రతి బండికీ దాని కంపెనీ, వయసు, పైకి కనిపించే తీరు చూసి 1 నుంచి 5 దాకా హోదా మార్కులు వేశారు. అలా 274 బండ్లు. 5 మార్కులు పడ్డ బండ్లలో దాదాపు 30 శాతం తమ వంతు రాకుండానే దూరేశాయి, అట్టడుగు బండ్లలో ఆ లెక్క 10 శాతం లోపే. తర్వాత ఒక మనిషిని జీబ్రా క్రాసింగ్ దగ్గర దాటబోతున్నట్టు నిలబెట్టి 152 బండ్లను చూశారు. అట్టడుగు హోదా బండ్లన్నీ ఆగాయి, పై హోదా బండ్లలో సగానికి కాస్త తక్కువ ఆగకుండా వెళ్లిపోయాయి. ఖరీదైన బండి వాళ్లకు పొగరు అని ఎవరైనా అంటే వాళ్ల చేతిలో ఉండే పెద్ద సాక్ష్యం ఇదే.

కానీ ఆ లెక్కనే ఇటు తిప్పి చూడండి. పై హోదా బండ్లలో 70 శాతం కూడలి దగ్గర తమ వంతు కోసం ఆగాయి. ఇంకోటి, 152 బండ్లను ఐదు గుంపులు చేస్తే ఒక్కో గుంపులో ఎన్ని మిగులుతాయో మీరే లెక్కేసుకోండి, అంత చిన్న గుంపులో నలుగురు అటూ ఇటూ అయితే శాతాలు ఎగిరి గంతేస్తాయి. ఆ పరిశోధన దండగ అనడం లేదు. దాన్ని పట్టుకుని మీ ముందున్న ఫలానా బండిలో ఫలానా మనిషి ఏం చేస్తాడో చెప్పలేం అంటున్నాను, అంతే.

నాకు ఎక్కువ నచ్చింది ఫిన్లాండ్‌ది. హెల్సింకి యూనివర్సిటీలో యాన్-ఎరిక్ లోన్‌క్విస్ట్ బృందం 1,892 మంది కారు ఓనర్లను వాళ్ల కారు గురించీ, ఖర్చుల గురించీ, స్వభావం గురించీ అడిగి 2020లో ఫలితాలు అచ్చు వేసింది. మొండితనం, వాదులాట, ఎదుటివాడి గోడు పట్టించుకోకపోవడం లాంటి లక్షణాలు ఎక్కువగా ఉన్న మగవాళ్లు ఆడి, బీఎండబ్ల్యూ, మెర్సిడెస్ లాంటి బండ్లు కొనడానికి ఎక్కువ మొగ్గు చూపారు. ఆడవాళ్లలో ఈ సంబంధం కనపడలేదు. అందరూ ఇంతవరకే చదివి "చూశావా, నేను చెప్పలా" అని లింకు పంపేస్తారు. రెండో సగం ఎవరికీ పట్టదు. పద్ధతిగా ఉండేవాళ్లు, బాధ్యతగా పని చేసుకునేవాళ్లు, లెక్క ప్రకారం నడుచుకునేవాళ్లు కూడా అవే బండ్ల వైపు మొగ్గారు, ఈ మాట మగవాళ్లకూ ఆడవాళ్లకూ వర్తిస్తుంది. మంచి నాణ్యత, నమ్మకంగా పనిచేసే యంత్రం కావాలనుకునే మనుషులు వీళ్లు. అంటే ఒకే బండిలో రెండు పూర్తిగా వేరే రకాల జనం కూర్చుని ఉన్నారు. బయటి నుంచి ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు, ఎందుకంటే కనిపించేది బ్యాడ్జి, అంటే బండి మీది కంపెనీ గుర్తు, ఒక్కటే. ఆ రెండో రకం వాడు ఇండికేటర్ వేసి, అద్దం చూసుకుని, నెమ్మదిగా లేన్ మారి వెళ్లిపోతాడు, వాడు వెళ్లిన సంగతి కూడా మీకు గుర్తుండదు.

ఇక్కడ చిన్న పిట్టకథ. 2019 చివర్లో ఒక వైద్య పత్రికలో ఫ్లోరిడా డాక్టర్ల స్పీడింగ్ చలాన్ల మీద ఒక పరిశోధన వచ్చింది. చలాన్ పడ్డవాళ్లలో లగ్జరీ కార్లు ఎక్కువగా ఉన్నది గుండె డాక్టర్లకు. పరిమితి దాటి మరీ విపరీతమైన వేగంతో దొరికిపోవడంలో ముందున్నది మాత్రం మానసిక వైద్యులు, వాళ్ల దగ్గర లగ్జరీ కార్లు తక్కువే. ఖరీదైన బండికీ వేగానికీ ముడి పెట్టేవాళ్లు ఈ ముక్క కూడా దగ్గర పెట్టుకోవాలి.

మరి ఒక్క బ్రాండ్‌కే ఇంత చెడ్డపేరు ఎలా వస్తుంది? మన గుర్తు పెట్టుకునే తీరు వల్ల. రోజూ మనల్ని కట్ కొట్టే బండ్లలో ఎక్కువ భాగం మామూలు తెల్లవి, బూడిద రంగువి, పేరు కూడా గుర్తుపట్టలేని బండ్లు, ఎందుకంటే రోడ్డు మీద ఎక్కువ ఉన్నవి అవే. వాటిని ఒక తిట్టు తిట్టి మర్చిపోతాం. బ్యాడ్జి మెరిసే బండి అదే పని చేస్తే తిట్టు దాని పేరుతో సహా బుర్రలో అచ్చయిపోతుంది, సాయంత్రం నలుగురికీ చెప్తాం. అరుదుగా కనిపించేదీ, అరుదుగా జరిగే చెడ్డ పనీ రెండూ ఒకేసారి ఎదురైతే వాటి మధ్య లేని సంబంధాన్ని మనసు అల్లేసుకుంటుందని 1976లోనే హామిల్టన్, గిఫర్డ్ అనే ఇద్దరు ప్రయోగం చేసి చూపించారు. దానికి తోడు మనం హడావిడిగా దూరితే "లేట్ అయిపోయింది, ఏం చేస్తాం" అంటాం, వాడు దూరితే వాడి బుద్ధే అంత. ఇక ఎవరికి వాళ్లం గొప్ప డ్రైవర్లమే. 1981లో స్వెన్సన్ అనే ఆయన అడిగి చూస్తే అమెరికన్లలో 93 శాతం, స్వీడన్ వాళ్లలో 69 శాతం తమ నైపుణ్యం సగం మంది కంటే మెరుగు అన్నారు. గురివింద గింజ సంగతే.

ఇండికేటర్ నింద గురించి ఒక విషయం చెప్పాలి, ఇది చాలామందికి తెలీదు. 2000ల మధ్యలో వచ్చిన కొన్ని బీఎండబ్ల్యూ మోడళ్లలో ఇండికేటర్ పుల్ల మామూలు బండ్లలో లాగా పైకి అంటే పైన, కిందికి అంటే కింద నిలబడదు. నొక్కి వదిలేస్తే మళ్లీ మధ్యలోకి వచ్చేస్తుంది, లైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది. దాన్ని ఆపాలంటే ఇంకోసారి మెల్లగా తాకాలి. ఇటువైపు గట్టిగా నొక్కామా, ఎదుటివైపు ఇండికేటర్ మొదలైపోతుంది. ఆ బండిలో మొదటిసారి కూర్చున్న ట్రైనీలను చూడాలి. ఎడమకి వేస్తారు, లేన్ మారాక ఆపబోయి కుడికి వేస్తారు, అది ఆపబోయి మళ్లీ ఎడమ, చెవులు ఎర్రబడతాయి, వెనకవాడు హారన్. రెండో రోజుకి కొందరు ఏం చేస్తారంటే, చిన్న చిన్న లేన్ మార్పులకు అసలు దాని జోలికే వెళ్లరు. వెనక నుంచి చూసేవాడికి ఇది పొగరులాగే ఉంటుంది. ఆ చెడ్డపేరంతా ఈ పుల్ల వల్లే వచ్చిందని నేను అనను, ఇండికేటర్ వేయని వెధవలు అన్ని కంపెనీల బండ్లలోనూ ఉన్నారు. కానీ మీరు చూసుకున్న బండి ఆ తరం మోడల్ అయితే టెస్ట్ డ్రైవ్‌లో మొట్టమొదట అలవాటు చేసుకోవాల్సింది ఇంజిన్‌ని కాదు, ఆ పుల్లని.

నేను బండిలో ఉంటుంది అన్న నిప్పు ఇలాంటిదే. అన్నిటికంటే పెద్ద తేడా తెచ్చేది ఎత్తు. పైనుంచి చూస్తే పక్కన రోడ్డు నెమ్మదిగా వెనక్కి జరుగుతున్నట్టు ఉంటుంది, అదే వేగం కింద కూర్చుంటే ఎక్కువ అనిపిస్తుంది. కెనడాలో క్రిస్టీనా రుడిన్-బ్రౌన్ సిమ్యులేటర్‌లో పరీక్షిస్తే, కంటి ఎత్తు పెంచినప్పుడు డ్రైవర్లు ఎక్కువ వేగంతో వెళ్లారు, లేన్‌లో నిలకడగా ఉండటమూ తగ్గింది. వాళ్లు తెగించి ఏం చేయలేదు, వేగం తెలియలేదంతే. ఎస్‌యూవీ వాళ్లు దూసుకొస్తారు అనే మాటలో సగం ఇక్కడే ఉంది.

మిగతా సగం ధీమా. లండన్‌లో రోడ్డు పక్కన నిలబడి దాదాపు 41 వేల బండ్లను గమనించిన ఒక పరిశోధన 2006లో వచ్చింది. ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లు నడిపేవాళ్లలో 8.2 శాతం చేతిలో ఫోన్ పట్టుకుని కనిపించారు, మామూలు కార్లలో 2 శాతం. సీటు బెల్టు పెట్టుకోనివాళ్లు అటు 19.5 శాతం, ఇటు 15 శాతం. చుట్టూ ఇంత ఇనుము ఉంది, నాకేం కాదులే అనే భరోసా జాగ్రత్తను తినేస్తుందని ఆ పరిశోధకుల అనుమానం. నాకైతే పెద్దగా ఆశ్చర్యం వేయలేదు. నా పక్కన కూర్చున్నవాళ్లు చిన్న బండిలో రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుంటారు, పెద్ద బండిలోకి రాగానే ఒక మోచెయ్యి కిటికీ మీదికి వెళ్లిపోతుంది. చెప్తే దించుతారు, కాసేపటికి మళ్లీ అక్కడే.

ఎత్తు వల్ల వచ్చే ఇంకో గొడవ హెడ్‌లైట్లు. పొడుగు బండిలో లో బీమ్ కూడా కిందున్న సెడాన్ అద్దాల్లో నేరుగా పడుతుంది. ముందున్నవాడు "వెనకాల అంటుకుని హై బీమ్ కొడుతున్నాడు, ఎంత కండకావరం" అనుకుంటాడు, వెనకవాడికి తను ఏం తప్పు చేశాడో కూడా తెలీదు. ఇద్దరి మధ్యా ఉన్న పగంతా అరడుగు ఎత్తు గురించి! ముందు అద్దం పక్కన ఉండే లావాటి స్తంభం, ఏ-పిల్లర్ అంటాం, అది ఇంకో దొంగ. బండి బోల్తా పడితే పైకప్పు తట్టుకోవాలని దాన్ని లావు చేశారు, మంచిదే, కానీ మలుపు తిరిగేటప్పుడు రోడ్డు దాటే ఒక పెద్ద మనిషిని మొత్తంగా దాచేయగలదు. మలుపుల్లో పాదచారులను గుద్దడం మామూలు కార్ల కంటే ఎస్‌యూవీలు, వ్యాన్లు, పికప్‌లలో ఎక్కువని అమెరికాలో బీమా కంపెనీల డబ్బుతో నడిచే రోడ్డు భద్రతా సంస్థ ఐఐహెచ్ఎస్ 2022లో చెప్పింది. 2023లో అదే సంస్థ, బానెట్ అంచు 40 అంగుళాల కంటే ఎత్తున్న బండి గుద్దితే మనిషి చనిపోయే అవకాశం, 30 అంగుళాల లోపు ఎత్తుతో వాలుగా ఉండే బండి కంటే సుమారు 45 శాతం ఎక్కువని లెక్క తేల్చింది. ఈ లెక్కల్లో స్టీరింగ్ వెనక ఉన్నది సాధువా రౌడీనా అన్న ప్రశ్నే లేదు, చూశారా.

బండి మొహం సంగతి కూడా వదలకూడదు. వియన్నా యూనివర్సిటీ వాళ్లు 2008లో 38 కార్ల ముందుభాగాలు చూపించి అడిగితే జనం వాటిలో మనుషుల మొహాలు చదివారు. వెడల్పుగా, కిందికి ఉండి, సన్నటి వాలు కళ్ల లాంటి లైట్లున్నవాటిని కోపిష్టి, పెత్తందారీ మొహాలు అన్నారు, తమాషా ఏంటంటే ఎక్కువ నచ్చినవి కూడా అవే. కోపంగా కనిపించే మొహం కొనుక్కుంటాం, తర్వాత అద్దంలో అదే మొహం కనిపిస్తే "వీడు కోపిష్టి" అంటాం.

ఇక ఈ ముద్రలు చోటు మారితే ఎలా మారిపోతాయో త్వరగా చెప్పేస్తాను. జర్మనీలో మెర్సిడెస్ అంటే స్టేషన్ బయట వరసలో నిలబడే లేత దంతం రంగు టాక్సీ కూడా, అక్కడ అందులో దిగినంత మాత్రాన ఎవరూ వంగి దండం పెట్టరు. ఆస్ట్రేలియాలో వోల్వో డ్రైవర్ అంటే దారికి అడ్డం పడి నత్తలా పోయేవాడని ఎంత పాతుకుపోయిందంటే, చివరికి ఆ కంపెనీయే ఆ తిట్టుని తన ప్రకటనల్లో వాడుకుంది. మూడు చోట్ల కట్టే సీటు బెల్టుని 1959లో కార్లలోకి తెచ్చి, ఆ పేటెంట్‌ని మిగతా కంపెనీలన్నీ వాడుకోనిచ్చిన కంపెనీ అది. భద్రత అనే పేరుంటే జాగ్రత్తపరులు కొంటారు, జాగ్రత్తపరుడు వెనకున్నవాడికి చాదస్తుడిలా కనిపిస్తాడు. బ్రిటన్‌లో మాజ్డా ఎంఎక్స్-5 అనే చిన్న స్పోర్ట్స్ కారుని క్షౌరశాల వాళ్ల కారు అని వెక్కిరిస్తారు, కారు రేసింగ్ నేర్చుకునేవాళ్లలో ఎంతమంది మొదలుపెట్టేది దాంతోనే. ఆ వెక్కిరింతలో కారు గురించి ఏమీ లేదు, అనేవాడి మగతనం టెన్షన్ తప్ప.

ఎరుపు కారు వాళ్లు రెచ్చిపోతారు, అందుకే బీమా ఎక్కువ అనేది ఉత్త పుకారు. అమెరికాలో బీమా కంపెనీలు అసలు రంగే అడగవు. రంగుకి ప్రమాదంతో సంబంధం లేదా అంటే ఉంది, కానీ వేరేది. 2007లో ఆస్ట్రేలియాలోని మొనాష్ యూనివర్సిటీ లెక్క ప్రకారం పగటిపూట తెల్లకార్ల కంటే నల్లకార్లకు ప్రమాదం రిస్క్ సుమారు 12 శాతం ఎక్కువ. నల్లకారు ఓనర్ల బుద్ధి కాదు, నల్లటి రోడ్డు మీద కంటికి ఆనకపోవడం.

డ్రైవర్ స్వభావాన్ని బయటి నుంచి కాస్తయినా పట్టించే గుర్తు ఒకటుంది, బ్రాండ్‌కి దానికి సంబంధం లేదు. స్టిక్కర్లు. కొలరాడో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 2008లో చూస్తే, కారుని స్టిక్కర్లతో, తన గుర్తులతో ఎక్కువగా అలంకరించుకున్నవాళ్లు రోడ్డు మీద కోపం ఎక్కువ చూపిస్తామని ఒప్పుకున్నారు, స్టిక్కర్ మీద ఏం రాసి ఉందన్నది లెక్కలోకే రాలేదు, శాంతి సందేశమైనా సరే. నా సొంత స్థలం అనే భావన ఎంత ఎక్కువైతే దాంట్లోకి ఎవడైనా వస్తే మంట అంత ఎక్కువ. శాంతి స్టిక్కర్ చూసి ధైర్యంగా ముందు దూరకండి!

మర్చిపోయే ముందు ఇంకో మాట. బండి "ఎంచుకున్న" దాన్ని బట్టి అంటారు గానీ చాలామంది ఎంచుకోరు. కంపెనీ ఇచ్చింది, అద్దెకు దొరికింది, నాన్నగారిది, పిల్లల సీట్లు మూడు పట్టేది అదొక్కటే. తెల్ల వ్యాన్ వాళ్లంటే అందరికీ మంట. వాళ్లను పక్కన కూర్చుని చూసినవాడిగా చెప్తున్నాను, తర్వాతి డెలివరీకి ఎన్ని నిమిషాలు ఉందో చూపించే స్క్రీన్ ఒకటి ఆ మనిషి మొహం ముందు పొద్దుటి నుంచీ వెలుగుతూ ఉంటుంది. అదే మనిషి ఆదివారం పిల్లల్ని తీసుకుని తన సొంత కారులో వెళ్తుంటే వెనకవాళ్లు విసుక్కునేంత నెమ్మది. వాళ్లందరినీ వ్యాన్ రంగుని బట్టి ఒకే గాటన కట్టేస్తే ఏం తెలుస్తుంది?

ఇప్పుడు మీ రెండో భయం, జనం వేరేగా చూస్తారా అని. చూస్తారు. అయితే మీరు అనుకునే తీరులో కాకపోవచ్చు. 1968లో డూబ్, గ్రాస్ అనే ఇద్దరు కాలిఫోర్నియాలో సిగ్నల్ దగ్గర కావాలని ఒక కారుని ముందు నిలబెట్టి, పచ్చ లైటు పడ్డాక కదలకుండా ఉంచారు. కొన్నిసార్లు తళతళలాడే నల్ల క్రైస్లర్ ఇంపీరియల్, కొన్నిసార్లు తుప్పు పట్టిన పాత ఫోర్డ్ లేదా నీరసంగా కనిపించే ర్యాంబ్లర్. పాత బండి వెనక ఇరుక్కున్నవాళ్లలో 84 శాతం హారన్ కొట్టారు. ఇంపీరియల్ వెనక సగం మందే కొట్టారు, కొట్టినవాళ్లు కూడా ఆలస్యంగా కొట్టారు. ఇద్దరైతే హారన్ కూడా కొట్టకుండా పాత బండి బంపర్‌ని వెనక నుంచి తాకించేశారు. ఇదే సంగతి విద్యార్థులకు కాగితం మీద ఇచ్చి మీరైతే ఏం చేస్తారని అడిగితే, మగపిల్లలు ఖరీదైన బండికే ముందు హారన్ కొడతాం అన్నారు! నోటితో బ్యాడ్జిని తిడతాం, చేతులు మాత్రం దానికి మర్యాద ఇస్తాయి. ఈ మర్యాదే ప్రమాదం, ఎందుకంటే ఎవరూ హారన్ కొట్టకపోతే మీరు తప్పు చేస్తున్నట్టు మీకు తెలియదు, కొన్నేళ్లు అలా గడిస్తే నిజంగానే మీ ఫ్రెండ్స్ చెప్పిన మనిషి అయిపోవచ్చు. ఇంకోవైపు లేన్ మారడానికి ఇండికేటర్ వేస్తే కొందరు కావాలని సందు మూసేస్తారు, అదీ చూస్తారు. ఇండికేటర్ ముందుగానే వేసి రెండు మూడు సెకన్లు ఆగండి, సందు ఇచ్చినవాడికి చెయ్యి ఊపండి, అంతకు మించి దాని గురించి బుర్ర పాడు చేసుకోకండి.

మరి రోడ్డు మీద ఎదుటివాడిని దేన్ని బట్టి అంచనా వేయాలి? నేను ట్రైనీలకు చెప్పేది, బ్యాడ్జి వదిలేసి చక్రాలు చూడమని. పక్క రోడ్డులో ఆగిన బండి కదులుతోందో లేదో దాని బాడీ చూస్తే ఆలస్యంగా తెలుస్తుంది, ముందు చక్రం రిమ్ తిరగడం మొదలవ్వగానే తెలిసిపోతుంది. పక్క లేన్‌లో బండి గీత వైపుకి జరుగుతూ ఉంటే, ఇండికేటర్ ఉన్నా లేకున్నా, వాడు మీ ముందుకి వస్తున్నట్టే లెక్క. ఖాళీ రోడ్డు మీద కారణం లేకుండా వేగం తగ్గుతూ పెరుగుతూ ఉంటే ఫోన్ చూస్తున్నాడు. కారణం కనిపించకుండానే బ్రేక్ లైటు మాటిమాటికీ మెరిస్తే ముందు బండికి అంటుకుని పోతున్నాడు, లేదా కంగారులో ఉన్నాడు. నాలుగు మూలలా గీతలూ సొట్టలూ ఉంటే ఆ బండి కొలతలు వాడికి ఇంకా తెలీవు, పక్కన నిలపకండి. పక్క అద్దం మడిచి ఉండగానే నడుపుతున్నాడా, వాడికి మీరు కనపడరు. ఇవన్నీ బీఎండబ్ల్యూ అయినా అప్పడంలా నలిగిన పాత బండి అయినా ఒకటే.

కాబట్టి కొనాలా వద్దా అంటే, పేరు గురించి అయితే నిక్షేపంగా కొనండి. బండి గురించి మాత్రం జాగ్రత్తగా చూసుకోండి, ముఖ్యంగా మీరు ఇప్పటిదాకా చిన్న ఇంజిన్ బండే నడిపానని రాశారు. పవర్ ఉన్న బండిలో కాలు ఎంత తొక్కితే ఎంత వస్తుందో చేతికి, కాలికి తెలిసేసరికి కొన్ని వారాలు పడుతుంది, వెనక చక్రాలకు పవర్ వెళ్లే బండి అయితే తడి రోడ్డు మీద మలుపులో యాక్సిలరేటర్ తొక్కే ముందు ఆలోచించండి. సీటు సరిచేసుకుని ఏ-పిల్లర్ వెనక ఏం దాగుతోందో తల ముందుకీ వెనక్కీ కదిపి చూడండి. ఇలా తల కదపడం అలవాటైతే ఆ స్తంభం గొడవ చాలావరకు తగ్గుతుంది.

పాత ఓనర్ ఎలాంటివాడో తెలుసుకోవాలని ఉంటే టైర్లు చెప్తాయి. నాలుగూ ఒకే కంపెనీవి, మంచివి అయితే ఆ మనిషి బండిని చూసుకున్నాడు. నాలుగు టైర్లు నాలుగు రకాలుగా, అన్నీ దొరికినవాటిలో చవకవి అయితే ఆయిల్ మార్చే విషయంలో కూడా అదే బుద్ధి అనుకోవచ్చు. వెనక టైర్లు ముందువాటి కంటే బాగా అరిగిపోయి ఉంటే గట్టిగా తొక్కే అలవాటు ఉండొచ్చు. ముందు టైర్ల బయటి అంచులు మాత్రమే అరిగితే మలుపుల్లో వేగంగా తిప్పాడో, అలైన్‌మెంట్ పోయిందో, మెకానిక్‌తో చూపించుకోవాలి. టైరు పక్కన అండాకారపు చట్రంలో నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం, 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. మైలేజీ తక్కువ అని చెప్పి అమ్ముతున్న బండికి ఏ వయసు టైర్లున్నాయో పోల్చుకోండి. టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లినప్పుడు ఆ అంకెలు కనిపించేలా నాలుగు టైర్ల ఫోటోలు, బండి ఏ సంవత్సరం మోడలో, ఆ ఇండికేటర్ పుల్ల మధ్యలోకి వచ్చేస్తోందా నిలబడుతోందా అన్నదీ ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.